రెండు వందల గంటలతో అయిదేళ్లు

పోయిన ఆదివారం భీమవరం నుంచి ఒక అబ్బాయి ఫోను చేశాడు. మా పిన్ని వాళ్ల పక్కింటి కుర్రాడు, ఇంటర్ ఎంపీసీ పూర్తయింది. "అక్కా, పైలట్ శిక్షణలో చేరదామనుకుంటున్నాను. ఇప్పుడు ఉద్యోగాలు లేవని అందరూ భయపెడుతున్నారు. ఖర్చుకు నాన్న చేపల చెరువు అమ్ముతానంటున్నారు. చేరమంటారా?" అన్నాడు. అవునని గానీ కాదని గానీ నోటికి రాలేదు. రాత్రికి చేస్తానని పెట్టేశాను. ఆ రాత్రి చెప్పిందీ, చెప్పకుండా మిగిలిందీ ఇక్కడ రాస్తున్నాను.

మాది తణుకు. నాన్న రైస్ మిల్లులో గుమాస్తా. 2006, 2007లలో పేపరు తెరిస్తే పైలట్ల కొరత అన్న వార్తే. అంతకుముందు 2005లోనే కింగ్‌ఫిషర్, స్పైస్‌జెట్, గోఎయిర్ వచ్చాయి, మరుసటి ఏడాది ఇండిగో వచ్చింది. చాలక విదేశాల నుంచి పైలట్లను పిలిపించుకుంటున్నారని రాసేవారు. ఆ వార్తల మీద నమ్మకంతోనే, నన్ను పైలట్ శిక్షణకు పంపడానికి నాన్న రెండెకరాల పొలం తాకట్టు పెట్టి, బ్యాంకులో 18 లక్షలు అప్పు తెచ్చారు.

కొరత ఎవరికన్నది మాకు ఎవరూ విడమరిచి చెప్పలేదు. కొరత కెప్టెన్లకు. కెప్టెన్‌గా ఎడమవైపు సీటులో కూర్చోవాలంటే ఏటీపీఎల్ అనే పెద్ద లైసెన్సు ఉండాలి, దానికి 1500 గంటలు ఎగిరి ఉండాలి. 200 గంటలతో సీపీఎల్, అంటే కమర్షియల్ పైలట్ లైసెన్సు, తీసుకుని బయటికొచ్చే మాలాంటి వాళ్లకు కుడివైపున కో-పైలట్ సీటే గతి. ఎడమ సీటుకు మనిషి లేకపోతే కుడి సీటుకు మాత్రం పనేముంది? ఇదంతా తెలిసినా నేను చేరేదాన్నే. కానీ అప్పు గడువు గురించి బ్యాంకుతో ఇంకోలా మాట్లాడుకునేవాళ్లం.

శిక్షణ మధ్యప్రదేశ్‌లో, ఒక చిన్న ఫ్లయింగ్ క్లబ్బులో. విమానం సెస్నా 152, రెండు సీట్ల చిన్నది. పొద్దున్నే విమానం దగ్గరికి వెళ్లగానే మొదటి పని ఇంధనం చూడడం. రెక్క కింద ఉన్న చిన్న డ్రెయిన్ నొక్కి, ప్లాస్టిక్ గొట్టంలోకి కాస్త పట్టుకుని, వెలుతురుకెత్తి చూడాలి. ఏవ్‌గ్యాస్, అంటే ఈ చిన్న విమానాల పెట్రోలు, లేత నీలంగా ఉంటుంది. రాత్రి చలికి ట్యాంకులో నీరు చేరితే, బరువు కాబట్టి అడుగున రంగులేని బొట్టులా నిలబడుతుంది. ఆ బొట్టు పోయేదాకా పారబోస్తూ, మళ్లీ పట్టి చూస్తూ ఉండాలి. ఇంజను తిప్పకముందే నేర్చుకున్న ఈ పని అంటే నాకు ఇప్పటికీ చెప్పలేనంత ఇష్టం.

మేము గంటలు లెక్కపెట్టుకుంటూ ఉండగానే బయట లోకం మారిపోయింది. 2008 జులైలో ముడిచమురు పీపా 147 డాలర్లను తాకింది. సెప్టెంబరులో అమెరికాలో లేమన్ బ్రదర్స్ బ్యాంకు కుప్పకూలింది. అక్టోబరులో జెట్ ఎయిర్‌వేస్ దాదాపు 1900 మందిని తీసేసి, గొడవ కావడంతో మళ్లీ చేర్చుకుంది. హాస్టల్ టీవీలో ఆ వార్త చూస్తూ ఎవరమూ మాట్లాడుకోలేదు. 2009 మార్చిలో నా లైసెన్సు వచ్చింది. ఎగిరిన ప్రతి గంటా రాసుకునే లాగ్‌బుక్కులో 212 గంటలు. దరఖాస్తు పంపడానికి ఒక్క ప్రకటనా లేదు.

లైసెన్సు చేతికొస్తే చాలదు, దాన్ని బతికించుకోవాలి. ఏటా మెడికల్, అంటే ఆరోగ్య పరీక్ష. ఏటా ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ పరీక్ష, అంటే బయట ఏమీ కనపడకపోయినా పరికరాలు చూసి నడపగలవా అని చూసేది. పునరుద్ధరణకు వెళ్తే ఈ మధ్య ఎన్ని గంటలు ఎగిరావని అడుగుతారు. హైదరాబాద్‌లో ఒక కోచింగ్ సెంటర్లో మెటియరాలజీ (వాతావరణ శాస్త్రం), నావిగేషన్ పాఠాలు చెప్పేదాన్ని. నెలకు 9,000 ఇచ్చేవారు. సెస్నా ఒక గంట ఎగరాలంటే 7,500.

ఆ రోజుల్లోనే మాతో చదివిన ఒకతను దారి చూపిస్తానన్నాడు. ఎగరకుండానే లాగ్‌బుక్కులో గంటలు రాసి ముద్ర వేసి ఇచ్చే మనిషి తనకు తెలుసట. మా పైలట్లలో వాటిని పార్కర్ పెన్ను గంటలంటారు. పది గంటలకు అడిగింది ఎగిరే ఖర్చులో పావు వంతు కూడా లేదు. నాకు ఆశ కలిగింది, దాచను. సంక్రాంతికి ఇంటికి వెళ్లినప్పుడు నాన్నతో అన్నాను. ఆయన లాగ్‌బుక్కు తెమ్మని, అరుగు మీద కూర్చుని మొదటి పేజీ నుంచి తిరగేశారు. ప్రతి పేజీ కింద మొత్తం, దాన్ని తర్వాతి పేజీకి ఎత్తి రాయడం చూసి, "ఇది మా మిల్లు చిట్టాలాగే ఉందమ్మా" అన్నారు. కాసేపటికి, "రాని బస్తా చిట్టాలో రాస్తే, గోడౌను తలుపు తీసిన రోజు ఎవరు తెచ్చి పెడతారు?" అని అడిగారు. పెన్ను గంటల మాట మా ఇంట్లో మళ్లీ రాలేదు. 2011లో దొంగ మార్కుల జాబితాలతో లైసెన్సులు తెచ్చుకున్నవాళ్ల అరెస్టులు మొదలై, అందరి కాగితాలూ తిరగదోడుతున్నప్పుడు నేను నిశ్చింతగా నిద్రపోయాను.

పాఠాలు చెప్పడం ఆ అయిదేళ్లూ నన్ను నిలబెట్టింది. ఉత్తరార్ధగోళంలో గాలికి వీపు పెట్టి నిలబడితే ఎడమచేతి వైపు అల్పపీడనం ఉంటుందని నేను పరీక్ష కోసం బట్టీ పట్టాను. 2010 మేలో లైలా తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు ఆ సూత్రాన్ని బోర్డు మీద గీసి చెప్పాల్సి వచ్చింది. అప్పుడే అది నాకు నిజంగా అర్థమైంది.

నా స్నేహితురాలు ఒకామె ఇంకో అప్పు చేసి, విదేశంలో బోయింగ్ 737 టైప్ రేటింగ్, అంటే ఆ ఒక్క రకం విమానం నడిపే అర్హత, తెచ్చుకుంది. తీరా పిలిచిన చోట ఎయిర్‌బస్ 320 కావాలన్నారు. ఆ రేటింగ్ వాడకుండానే కాలం చెల్లింది. అందుకే అడిగిన వాళ్లందరికీ చెబుతాను: ఉద్యోగం ఖాయం కాకుండా టైప్ రేటింగ్ జోలికి పోవద్దు. 2012 అక్టోబరులో కింగ్‌ఫిషర్ ఆగిపోయాక వేల గంటల అనుభవమున్న వాళ్లు కూడా మాతోపాటు వరుసలో నిలబడ్డారు. నాకు అన్నిటికంటే కష్టమైన ఏడాది అదే.

2014లో ఒక సంస్థ పిలిచింది. రాత పరీక్ష, సిమ్యులేటర్ అయ్యాక ఇంటర్వ్యూలో ఒక సీనియర్ కెప్టెన్ నా లాగ్‌బుక్కు తిరగేస్తూ ఒక వరుస మీద వేలు పెట్టారు. 2008 నవంబరు, సోలో క్రాస్ కంట్రీ, అంటే ఒంటరిగా దూరపు ఊళ్లకు ఎగిరి రావడం, 300 నాటికల్ మైళ్లు. "మూడున్నర గంటల్లో రావాలి కదా, నాలుగు దాటిందేం?" అన్నారు. భోపాల్‌లో పెద్ద విమానం ఒకటి దిగుతుంటే నన్ను పక్కన చక్కర్లు కొట్టమన్నారనీ, తిరుగుదారిలో ఎదురుగాలి అనుకున్నదానికంటే ఎక్కువ వచ్చిందనీ చెప్పాను. నర్మద దాటేటప్పుడు ఇంధనం ఎంత మిగిలిందో కూడా చెప్పాను. ఆయన తలూపి పుస్తకం మూసేశారు. ఆ రాత్రి నాన్నకు ఫోను చేసి, గోడౌను తలుపు తీశారని చెప్పాను.

ఆ కుర్రాడికి రాత్రి చెప్పింది ఇంతే. ముందు క్లాస్ 2 మెడికల్, ఆ వెంటనే కమర్షియల్ లైసెన్సుకు కావలసిన క్లాస్ 1. అవి తేలకుండా ఎక్కడా ఒక్క రూపాయి ఫీజు కట్టవద్దు. లైసెన్సు వచ్చాక అయిదేళ్లు ఉద్యోగం రాకపోయినా కిస్తీలు ఎలా కడతారో ఇప్పుడే కాగితం మీద రాసుకోండి అన్నాను. చెరువు సంగతి నాకు తెలియదు కాబట్టి ఫోను నాన్నకిచ్చాను. ఆయనా, ఆ అబ్బాయి తండ్రీ అరగంట మాట్లాడుకున్నారు. చెరువు అమ్మడం లేదు, మూడేళ్లకు లీజుకు ఇస్తున్నారు. కుర్రాడు వచ్చే మంగళవారం మెడికల్ కోసం హైదరాబాద్ వస్తున్నాడు. నాకు ఆ రోజు డ్యూటీ లేదు, స్టేషనుకు వెళ్తాను.