మధ్యస్థ ధరలో రోడ్డు బైకు ఎంపిక: నా అనుభవం

నా దగ్గరున్న హైబ్రిడ్ సైకిలు మీద గంటకు 25 కిలోమీటర్ల వేగాన్ని ఎక్కువసేపు నిలబెట్టడం కష్టంగా ఉండేది. వారాంతాల్లో గండిపేట వైపు, వీలైనప్పుడు వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల దాకా మిత్రుల బృందంతో సమానంగా వెళ్లాలన్న కోరికతో రోడ్డు బైకు, అంటే సన్నని టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్ ఉండే వేగపు సైకిలు, కొనాలని నిశ్చయించుకున్నాను. పోటీల్లో పాల్గొనే ఉద్దేశం లేదు. హెల్మెట్, లైట్లు, పంపుతో కలిపి ఖర్చు లక్ష రూపాయలు దాటకూడదని ఇంట్లో మాట అనుకున్నాం.

దుకాణాల్లో ముందుగా వినిపించేది బరువు సంగతి. నా బరువు 70 కిలోలు, సైకిలు 10 కిలోలు అనుకుంటే మొత్తం 80 కిలోలు. అందులో ఒక కిలో తగ్గితే, ఇరవై నిమిషాలు పట్టే ఎక్కుడులో మిగిలేది మహా అయితే పదిహేను సెకన్లు. చదును రోడ్డు మీద ఆ తేడా దాదాపు కనిపించదు, ఎందుకంటే అక్కడ మనల్ని ఆపేది గాలి. వేగం 25 నుంచి 30 కిలోమీటర్లకు పెరిగితే గాలిని చీల్చుకుని పోవడానికి కావలసిన శక్తి 70 శాతం పైగా పెరుగుతుంది. కాబట్టి గాలి తక్కువ తగిలేలా, గంటల తరబడి నడుము, మెడ నొప్పి పుట్టకుండా వంగి తొక్కనిచ్చే ఫ్రేము దొరకడమే ముఖ్యమని నాకు అర్థమైంది.

అందుకే కొలతల మీద ఎక్కువ సమయం పెట్టాను. గోడకు ఆనుకుని, గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పైకి నొక్కిపట్టి, దాని అంచు దగ్గర పెన్సిలుతో గీత గీసి నేల నుంచి కొలిస్తే 80 సెంటీమీటర్లు వచ్చింది. దాన్ని 0.883తో గుణిస్తే, పెడల్ ఇరుసు (రెండు పెడళ్ల చేతులు తిరిగే నడిమి ఇరుసు) మధ్య నుంచి సీటు పైభాగం దాకా ఉండవలసిన ఎత్తు సుమారు 70.6 సెంటీమీటర్లు. ఇది ఆరంభానికి పనికొచ్చే అంకె మాత్రమే, తరువాత కొద్దిగా సర్దుకోవాలి. ఫ్రేము మీద రాసి ఉండే 52, 54 అనే సైజులు కంపెనీని బట్టి మారతాయి కనుక, ప్రతి మోడల్‌కూ స్టాక్, రీచ్ అనే రెండు కొలతలు రాసుకున్నాను. పెడల్ ఇరుసు నుంచి ఫ్రేము ముందు భాగంలో హ్యాండిల్ దిగే గొట్టం పైభాగం దాకా నిలువు ఎత్తు స్టాక్, అడ్డంగా ఉండే దూరం రీచ్. నా సైజులో రేసు ఫ్రేముల స్టాక్ 54 సెంటీమీటర్ల దగ్గర ఉంటే, ఎండ్యూరెన్స్ రకానిది (దూరప్రయాణాల్లో హాయిగా తొక్కడానికి చేసినది) 57 దగ్గర ఉంది. ఆ మూడు సెంటీమీటర్ల తేడా కాగితం మీద చిన్నదే. రెండు రకాలనూ వరుసగా తొక్కి చూసినప్పుడు మాత్రం, రేసు ఫ్రేము మీద హ్యాండిల్ కిందివంపు పట్టుకోగానే మోకాళ్లు పొట్టకు తగులుతున్నట్టు ఉండి, తల ఎత్తి రోడ్డు చూడటానికి మెడ బిగుసుకుపోయింది. ఎండ్యూరెన్స్ ఫ్రేము మీద అదే కిందివంపులో నిలకడగా తొక్కగలిగాను. నావంటి వారికి ఆ ఫ్రేమే వేగం ఇస్తుందని నా దృఢమైన అభిప్రాయం.

గేర్ల విషయంలో షిమానో కంపెనీ గేరు సెట్ల వరుస ఇది: వెనుక క్లారిస్‌కు 8, సోరాకు 9, టియాగ్రాకు 10 పళ్లచక్రాలు ఉంటాయి, 105 వాటికి పైమెట్టు. అయితే నేను పేరు కంటే ముందు పళ్ల లెక్క అడిగాను. ముందు 50, వెనుక 11 పళ్లతో పెడల్‌ను నిమిషానికి 90 చుట్లు తిప్పితే వేగం గంటకు 50 కిలోమీటర్లు దాటుతుంది కాబట్టి పై గేరు ఎవరికైనా చాలు. తేడా కింది గేరులోనే ఉంది. ముందు 34, వెనుక 28 పళ్లయితే పెడల్ ఒక చుట్టుకు సైకిలు సుమారు రెండున్నర మీటర్లు కదులుతుంది. వెనుక 34 పళ్లయితే రెండు మీటర్ల పైచిలుకే కదులుతుంది కనుక అనంతగిరి మలుపుల్లో మోకాళ్ల మీద భారం పడకుండా కూర్చునే ఎక్కవచ్చు. అందుకే 11 నుంచి 34 పళ్ల దాకా క్యాసెట్ (వెనుక పళ్లచక్రాల గుత్తి) ఉన్న సోరా మోడల్‌ను ఎంచుకున్నాను. టియాగ్రాకు పెట్టవలసిన అదనపు డబ్బును మంచి టైర్లకు మళ్లించాను.

అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు (ముందు చక్రాన్ని పట్టుకునే భాగం) విషయంలో పెద్దగా ఆలోచించలేదు. ఈ ధరలో అదే సరైన జోడీ. బ్రేకులు కేబుల్‌తో నడిచే డిస్కులు. వానాకాలంలో చక్రం అంచును పట్టే రిమ్ బ్రేకుల కంటే నమ్మకంగా పట్టుకుంటాయి కానీ, ప్యాడ్ అరిగేకొద్దీ అలెన్ కీతో దగ్గరకు జరుపుకోవాలి. ఆ పనిని మెకానిక్ నా చేతే చేయించి, "డిస్కుకు రాసుకుంటున్న చప్పుడు వస్తే పావు తిప్పు వెనక్కి తిప్పండి సార్" అని చూపించాడు.

టైర్లు 28 మిల్లీమీటర్లవి తీసుకున్నాను. మన రోడ్ల గుంతలకు 25 చాలా సన్నం. వెనుక 75, ముందు 70 పీఎస్ఐ గాలి నాకు సరిపోతోంది. ఈ ట్యూబులకు సన్నని ప్రెస్టా వాల్వు ఉంటుంది. వీధి చివరి పంక్చరు దుకాణంలోని పంపు దానికి పట్టదు కాబట్టి, చిన్న ఇత్తడి అడాప్టర్‌ను సీటు కింది సంచిలో ఎప్పుడూ ఉంచుకోవాలి.