అట్లాంటా కత్తుల ప్రదర్శనలో కోనసముద్రం ఉక్కు

2024 జూన్‌లో అట్లాంటా దగ్గరి కమింగ్‌లోని మా అమ్మాయి ఇంట్లో ఉన్నప్పుడు, ఒక శనివారం మా అల్లుడు నన్ను కాబ్ గల్లేరియాలో జరుగుతున్న బ్లేడ్ షో అనే కత్తుల ప్రదర్శన దగ్గర దింపి వెళ్లాడు. 400, 285 రహదారుల మీద సెలవు రోజున కూడా ఎంత రద్దీ ఉంటుందో అక్కడి తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. 1982లో మొదలైన ఈ ప్రదర్శనకు కత్తులు చేసేవాళ్లు, సేకరించేవాళ్లు ఎన్నో దేశాల నుంచి వస్తారు. నేను లోపలికి అడుగు పెట్టేసరికే పేరున్న కమ్మరుల బల్లల మీద నల్లని మఖమలు గుడ్డ తప్ప ఏమీ మిగలలేదు. శుక్రవారం తలుపులు తెరవగానే పరుగున వచ్చినవాళ్లు, చీటీల్లో పేరు వచ్చినవాళ్లు వాటిని కొనుక్కుపోయారట. కొనేవాడి సంగతి సరే, కళ్లారా చూసిపోదామని వచ్చినవాడి కోసం ఒక్కటైనా సాయంత్రం దాకా ఉంచితే బాగుండును.

మిగిలిన కత్తుల ధరలు కూడా తక్కువేమీ కావు. అరచేతిలో ఇమిడే వేటకత్తికి ఆరేడు వందల డాలర్లు, దుప్పికొమ్ము పిడికో అంతరించిన మామత్ ఏనుగు దంతపు పిడికో అంతకు రెట్టింపు. అయినా ఆ ధరను అన్యాయమనలేను. అమెరికా కమ్మరి విలియం మొరాన్ ప్రభృతులు 1976లో స్థాపించిన అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టే పరీక్షలో, కమ్మరి తాను చేసిన కత్తితో అంగుళం మందం ఉన్న వేలాడే తాడును ఒక్క వేటుకు తెంపాలి, మందపాటి చెక్కను రెండుసార్లు తెగనరకాలి, ఆ తరువాత కూడా అదే అంచు చేతి మీది వెంట్రుకలను గొరగాలి, చివరికి ఆ కత్తినే వైస్‌లో బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకుండా నిలవాలి. అంచు కరుకుగా, వెన్ను మెత్తగా ఉండేలా కాచి పదును పెట్టడం తెలిసిన చేతికే అది సాధ్యం. మాస్టర్ స్థాయికి పరీక్షించే కత్తిలో కనీసం 300 పొరలుండాలి.

ఆ పొరల ఉక్కునే అక్కడ డమాస్కస్ అంటారు. 1084, 15ఎన్20 అనే రెండు రకాల ఉక్కు పలకలను పేర్చి, కొలిమిలో కాచి, సుత్తితో అతికి, మడిచి, మళ్లీ అతుకుతారు. ఆమ్లంలాంటి ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచితే ఒకటి నల్లబడుతుంది, నికెల్ ఉన్న రెండవది వెండిలా మిగులుతుంది. మొరాన్ 1973లో ఇలాంటి కత్తులను ప్రదర్శించిన తరువాత అమెరికాలో ఈ పని విస్తరించింది. ప్రతి వరుసలోనూ ఈ కత్తులే కనిపించాయి. అందం విషయంలో వాటికి వంక పెట్టలేను.

కానీ నా మనసు పట్టేసినది హాలు చివర ఒక పెద్దాయన బల్ల మీద ఉన్న కత్తి. దాని మీది గీతలు ఏటి నీరు తీసిన తరువాత ఇసుకలో మిగిలే అలల్లాగా, ఎక్కడా ఒకే తీరు లేకుండా ఉన్నాయి. చీటీ మీద మాత్రం వుట్జ్, డమాస్కస్ అనే రెండే మాటలున్నాయి. వుట్జ్ అంటే మన మూస ఉక్కుకు ఇంగ్లీషులో ఉన్న పేరు. పట్టుకోవచ్చా అని అడిగితే, అలుగును వేళ్లతో ముట్టవద్దని, చెమటకు తుప్పు పడుతుందని చెప్పి పిడి నా వైపు తిప్పి ఇచ్చాడు. ఇందులో అతుకు లేదు, పొర లేదు. మూసలో, అంటే లోహం కరిగించే మట్టి పాత్రలో, కరిగి మెల్లగా చల్లారిన ముద్దనే సాగగొట్టాడు. కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది కనుక కాక కొంచెం మించినా ముద్ద పిండయిపోతుందట. ఫ్లోరిడాకు చెందిన ఆల్ పెండ్రే అనే కమ్మరి, అయోవా ఆచార్యుడు జాన్ వెర్‌హోవెన్ కలిసి పనిచేసి, ఇనుములో అతి స్వల్పంగా ఉండే వనేడియం వంటి మూలకాల వల్లనే ఈ గీతలు వరుస కడతాయని తేల్చారని ఎంతో గౌరవంగా చెప్పాడు.

నేను నిజామాబాద్ జిల్లా ఆర్మూరువాణ్ణి. కోనసముద్రం మాకు దూరమేమీ కాదు. నిజాం రాజ్యంలోని ఆ ఊరి కమ్మరులు రెండు చోట్ల ఇనుమును కలిపి మూసల్లో వండిన ఉక్కును, దాని కోసం పర్షియా నుంచి వచ్చి కూర్చున్న వర్తకుణ్ణి భూగర్భ శాస్త్రజ్ఞుడు హెన్రీ వాయిసీ స్వయంగా చూసి రాసిన వ్యాసం, ఆయన పోయాక 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇలాంటి మూస ఉక్కుతో చేసిన పాతకాలపు డమాస్కస్ కత్తుల పేరు ప్రపంచమంతా మారుమోగింది కానీ, ఆ ఉక్కు ముద్దలు చేసి పంపిన ఊళ్ల పేర్లు ఆ హాలులో ఒక్క చీటీ మీదా లేవు. అది చూసి నాకు నిజంగా బాధ కలిగింది, ఆయనతో ఆ మాటే అన్నాను.

ఆయన నొచ్చుకోలేదు. కుర్చీ జరిపి నన్ను కూర్చోబెట్టాడు. వాయిసీ వ్యాసం చదివానని, ఊరి పేరు ఎలా పలకాలో ఇన్నేళ్లూ తెలియలేదని అన్నాడు. నాలుగుసార్లు పలికించుకుని, చీటీ వెనక్కి తిప్పి, ఆ పేరును ఇంగ్లీషు అక్షరాలలో పెద్దగా రాసి కత్తి పక్కన నిలబెట్టాడు. ఇప్పుడక్కడ ఎవరైనా ఆ ఉక్కు చేస్తున్నారా అని అడిగితే లేదని చెప్పాను. పొలాల్లో ఇనుప చిట్టెం, పగిలిన మూసల పెంకులు మిగిలాయని, రావాలనుకుంటే ఆర్మూరు నుంచి మెట్‌పల్లి దారి పట్టి కమ్మర్‌పల్లి వైపు రావాలని, పైరు కోసిన తరువాతనైతేనే నేల బయటపడి అవి కంటికి ఆనతాయని చెప్పి, మా ఇంటి ఫోన్ నంబరు రాసి ఇచ్చాను.