శ్రావణానికి ముందు కొత్త కంప్యూటర్

శ్రావణ ముహూర్తాలు మొదలయ్యేలోగా పెళ్లి పత్రికలు చేసిచ్చే మా డీటీపీ షాపుకు కొత్త కంప్యూటర్ రావాలి కనుక, ఈరోజు మధ్యాహ్నం నల్లగొండ ప్రకాశం బజార్‌లో రెండు దుకాణాలు తిరిగాను. కంపెనీ కంప్యూటర్ 54,000 రూపాయలన్నారు; అదే ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీతో బిగించి ఇచ్చే అసెంబుల్డ్‌ది 41,000. ఆ పదమూడు వేలు నాకు చిన్న మొత్తం కాదు, కానీ నన్ను ఇంతగా ఆలోచింపజేసింది ధర కాదు.

నిరుడు పెళ్లిళ్లు ముమ్మరంగా ఉన్న వారంలో నా పాత కంపెనీ కంప్యూటర్ ఎస్‌ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు అందించే పెట్టె, కాలిపోయింది. దాని ఆకారమూ, మదర్‌బోర్డుకు వెళ్లే కనెక్టరూ ఆ కంపెనీకే ప్రత్యేకం కావడంతో ఊళ్లో ఎక్కడా దొరకలేదు. హైదరాబాద్ నుంచి తెప్పించేసరికి తొమ్మిది రోజులు పట్టింది. బిడ్డ లగ్గం పెట్టుకుని మిర్యాలగూడ వైపు పల్లె నుంచి బస్సులో వచ్చిన ఒక పెద్దాయనను పత్రిక చేతికివ్వకుండా వెనక్కి పంపిన బాధ నాకింకా పోలేదు.

అసెంబుల్డ్ అంటే డూప్లికేటే కదా అని మావారు అన్నారు. ఆ మాట సరికాదు. ఐబీఎం 1981లో తన పీసీని చాలావరకు బయట కొన్న భాగాలతోనే తయారు చేసింది. ఐబీఎం సొంతమైన బయోస్‌ను, అంటే ఆన్ చేయగానే కంప్యూటర్‌ను లేపే ప్రోగ్రామ్‌ను, కాంపాక్ అనే కంపెనీ నకలు కొట్టకుండా, అదే పని చేసేదాన్ని ఐబీఎం కోడ్ చూడనివాళ్ల చేత కొత్తగా రాయించి, 1982లో తన యంత్రాన్ని ప్రకటించింది. ఎవరైనా భాగాలు కొని బిగించుకోగలిగే ఈ పద్ధతికి దారి అక్కడే పడింది. 1995లో ఇంటెల్ తెచ్చిన ఏటీఎక్స్ కొలతల ప్రకారం ఉన్న క్యాబినెట్, బోర్డు తీసుకుంటే, ఎస్‌ఎంపీఎస్ పోయినా ఇక్కడే కొని గంటలో మార్చుకోవచ్చు.

కంపెనీదానికి ఒకే బిల్లు, ఒకే వారంటీ, విండోస్ లైసెన్సు కలిసే వస్తాయన్నది నిజమే. అసెంబుల్డ్‌దానిలో ఒక్కో భాగానికి ఒక్కో వారంటీ గడువు, లైసెన్సు విడిగా కొనాలి. అది కలిపినా నాకు మిగులే.

"లోకల్ ఎస్‌ఎంపీఎస్ ఏస్తే ఇంకో పన్నెండు వందలు తగ్గుతదక్కా" అన్నాడు దుకాణం పిల్లవాడు. "వద్దు తమ్ముడూ, అన్నిటికన్నా అదే మంచిది కావాలి" అని, ప్రతి భాగం పేరు, సీరియల్ నంబరు బిల్లు మీద రాయించుకుని అడ్వాన్సు ఇచ్చాను. గురువారం బిగించి ఇస్తాడు. ఆలోగా యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించాలి.