చందా పుస్తకంలో మా తోడికోడలు

బెస్తవారిపేట దాటేసరికి మా తోడికోడలి మాట మారిపోయింది. ఒంగోల్లో "వచ్చారా, తిన్నారా" అనే పిల్ల, పక్క సీటు ముసలామెతో "యాడికి పోతుండావవ్వా? కందులు బాగా పండినాయా?" అని మొదలుపెట్టింది. పదకొండేళ్లుగా ఒకే పొయ్యి మీద వండుకుంటున్నాం. ఆ గొంతు నేను వినడం అదే మొదటిసారి.

వాళ్ల తమ్ముడి కొడుక్కి బాప్తిస్మం. ఆ ఆదివారమే కోతల పండుగ కూడా. "ఈసారన్నా రాక్కా, మా గుడి చూద్దువుగాని" అని పట్టుబట్టి బయల్దేరదీసింది. మగవాళ్లిద్దరూ సెలవు దొరకలేదన్నారు. నిజానికి దూరానికి జంకారు. వాళ్లదీ తప్పు కాదు. చీమకుర్తి దగ్గర రాతి దిమ్మెలు మోసే లారీల వెనకే అరగంట పోయింది. పొదిలిలో టీ తాగాం. గిద్దలూరులో దిగేసరికి ఒంటిగంట, కొమరోలు బస్సేమో మా కళ్లముందే కదిలిపోయింది. తర్వాత ఆటోలో ఏడుగురం. కొమరోలు దాటి కలసపాడు రోడ్డులో కొంతదూరం పోయి లోపలికి తిరగాలి. ఒకవైపు నల్లమల, చుట్టూ ఎర్రనేల, కోసేసిన కంది మోళ్లు. ఊరి పేరు రాయను, వాళ్ల ఇంటి సంగతులు చెప్పబోతున్నాను కాబట్టి.

మేం బాప్టిస్టులం. ఒంగోలు చుట్టుపక్కల క్రైస్తవులు చాలామంది అంతే. 1866లో బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర ఒంగోలు వచ్చి స్థిరపడటం, 1876–78 కరువులో బకింగ్‌హామ్ కాలువ పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి దొరికేలా చేయడం, 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇవ్వడం మాకు ఉగ్గుపాలతో వచ్చిన కథలు. మా లెక్కలో తెలిసి, ఒప్పుకుని, నీళ్లలో మునిగినవాళ్లే సంఘ సభ్యులు. ఆరు నెలల పిల్లాడు ఏం తెలిసి ఒప్పుకుంటాడని పదకొండేళ్లలో మా తోడికోడల్ని కనీసం పాతికసార్లు అడిగి ఉంటాను. "నీకు చెప్పలేనక్కా, వచ్చి చూడు" అనేది.

గుండ్లకమ్మ పుట్టేది ఇక్కడి నల్లమలలోనే. కంభం చెరువు నింపి, మా వైపుకొచ్చి సముద్రంలో కలుస్తుంది. నది ఒకటే అయినా మిషన్లు వేరు. ఒకరు పనిచేసే చోట ఇంకొకరు దిగకూడదని మిషన్లు ప్రాంతాలు పంచుకున్న కాలంలో నంద్యాల, ముత్యాలపాడు, కలసపాడు వైపంతా ఎస్.పి.జి. కిందికి వచ్చింది. అది 1701లో లండన్‌లో పుట్టిన ఆంగ్లికన్ మిషన్, అంటే ఇంగ్లండ్ సంఘం వాళ్లది. ఈ ఊళ్లో ముసలివాళ్లు ఇప్పటికీ "మేము ఎస్పీజీ వాళ్లం" అనే అంటారు, బోర్డు మీద సి.ఎస్.ఐ. అని ఉన్నా.

ఆ బోర్డు గురించి శనివారం రాత్రి బాబాయ్ చెప్పారు. బాబాయ్ అంటే మా తోడికోడలి నాన్న, సంఘానికి ట్రెజరర్. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ ఇండియా సంఘం, అంటే సి.ఎస్.ఐ., అయ్యాయి. నంద్యాల వైపు ఆంగ్లికన్లలో చాలామంది అప్పుడు అందులో చేరలేదు. కొన్నేళ్లు కలకత్తాలోని ఆంగ్లికన్ పెద్ద బిషప్, మెట్రోపాలిటన్ కిందే ఉండి, తర్వాత్తర్వాత కలిశారు. "దేశం విడిపోయిన ఏడాది అందరూ కలుస్తుంటే మనోళ్లు మాత్రం కలవం అన్నారమ్మా" అని నవ్వారు బాబాయ్. "మా నాయన చచ్చేదాకా డోర్నకల్ అజరయ్య బిషప్ గారి పేరే చెప్పేవాడు. బిషప్ గారు పోయినాక వచ్చిందేదీ మా నాయనకి నచ్చలా." అజరయ్య 1912లో బిషప్ అయ్యారు, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్. 1945 జనవరి 1న పోయారు, కలయిక చూడకుండానే.

ఇంతలో బాబాయ్ అట్టకి గుడ్డ అంటించిన పొడుగు పుస్తకం తీశారు. చందా పుస్తకం. ఇంటికో పేజీ. ఇంటి పెద్ద పేరు, భార్య, పిల్లలు, ఎవరికి కన్ఫర్మేషన్ (పెద్దయ్యాక విశ్వాసాన్ని తన నోటితో ఒప్పుకోవడం) అయింది, ఎవరికి కాలేదు, ఏడాదికి ఎంత, కట్టింది ఎంత, బకాయి ఎంత. సగం ఇళ్లకి తాళాలు. బేల్దారి పనికి కొందరు హైదరాబాద్, కొందరు బెంగళూరు పోయారు. పేర్లు మాత్రం పుస్తకంలోంచి కదల్లేదు. పెళ్లి ప్రకటన మూడు ఆదివారాలు గుళ్లో చదవాలంటే ముందు బకాయి తీరాలి. సంఘాన్ని నడిపే పాస్టరేట్ కమిటీకి ఓటెయ్యాలంటే కన్ఫర్మేషన్ అయి ఉండాలి, చందా కట్టి ఉండాలి. "సమాధి స్థలానికి కూడానా?" అన్నాను. "అడుగుతాం. కానీ శవాన్ని పెట్టుకుని ఎవరడుగుతారమ్మా? తర్వాత అడుగుతాం" అన్నారు.

పేజీలు తిప్పుతుంటే మా తోడికోడలి పేరు కనిపించింది. పెళ్లయి పదకొండేళ్లయినా పుట్టింటి పేజీలోనే ఉంది, చివరి గడిలో నిరుడు డిసెంబర్ దాకా కట్టినట్టు టిక్కులు. ఫోన్‌పేలో పంపిస్తోందట. మా ఇంట్లో ఎవరికీ తెలియదు.

"ఒంగోల్లో మన గుడికి ఇస్తావు కదే ప్రతి వారం?"

"అది కానుకక్కా. ఇది చందా."

అంతకుమించి చెప్పలేదు. నేనూ రెట్టించలేదు గానీ, కొంచెం గుచ్చుకుంది. ఒకే ఇంటి డబ్బులు ఇంకో ఊరికి పోతున్నాయని కాదు. ఎందుకో అప్పుడు నాకే తెలియలేదు.

పొద్దున్నే మొదటి గంట కొట్టారు. రెండో గంటకి గుడి సగం నిండింది. ఒకవైపు మగవాళ్లు, ఒకవైపు ఆడవాళ్లు, కింద పట్టాలు. పాస్టరు అయ్యగారికి ఇలాంటివి ఏడు ఊళ్లు, ఒక్కడే మనిషి, బైకు మీద తిరుగుతారు. నెలలో ఒక్క ఆదివారమే ఇక్కడ. మిగతా వారాలు ఉపదేశి నడుపుతారు. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే బల్ల ఆరాధన ఆ ఒక్క ఆదివారమే కాబట్టి బయటి ఊళ్ల నుంచి కూడా అప్పుడే వస్తారు.

ఆరాధన పుస్తకం ప్రకారం సాగుతుంది. అయ్యగారు సగం వాక్యం అంటే జనం మిగతా సగం అందుకుంటారు, చదువు రాని ముసలమ్మలు కూడా తడుముకోకుండా. నాకేమో ప్రార్థన అంటే కళ్లు మూసుకుని నోటికొచ్చిన మాటలతో చేసుకోవడమే అలవాటు. అయ్యగారు "ప్రార్థన చేసుకుందాం" అనగానే గట్టిగా "స్తోత్రం ప్రభువా" అన్నాను. గుడంతా నిశ్శబ్దం. అందరూ మోకాళ్ల మీద, నేనొక్కదాన్నే నిలబడి ఉన్నాను. ముందు వరసలో ఒక పాప వెనక్కి తిరిగి నన్ను ఆసాంతం చూసింది. మా తోడికోడలు కొంగు నోట్లో కుక్కుకుంది.

పిల్లాడి బాప్తిస్మం పది నిమిషాల్లో అయిపోయింది. నేను ఎదురుచూసింది పిల్లాణ్ణి, వాడి నెత్తిన పడే నీళ్లని. చూసింది మాత్రం జనాన్ని. తల్లిదండ్రులు మాట ఇచ్చారు, జ్ఞాన తల్లిదండ్రులు ఇచ్చారు. ఆ తర్వాత వీణ్ణి విశ్వాసంలో పెంచుతామని గుడిలో ఉన్నవాళ్లంతా లేచి చెప్పారు. పిల్లాడు ఏం ఒప్పుకున్నాడని కదా నా ప్రశ్న. వాడితో ఎవరూ ఏమీ ఒప్పించలేదు, వీళ్లే ఒప్పుకున్నారు. వాడు పెద్దయ్యాక తన నోటితో చెప్పుకోవడానికి బిషప్ గారు చేతులుంచే కన్ఫర్మేషన్ ఉంది. అయినా నాకు పూర్తిగా రుచించలేదని చెప్పాలి. మునగడం మునగడమే. కానీ పాతికసార్లు అడిగిన ప్రశ్న మళ్లీ అడగబుద్ధి కాలేదు.

బల్ల దగ్గరికి వెళ్లనా వద్దా అని తటపటాయిస్తుంటే అయ్యగారే "మీ సంఘంలో తీసుకుంటారు కదమ్మా, రండి" అన్నారు. వెళ్లి మోకరించాను.

వెనక వంట దగ్గర ఆడవాళ్ల కబుర్లు వేరు. గుడి ఆడవాళ్ల సంఘం, స్త్రీల మైత్రి వాళ్లు పిడికెడు బియ్యం డబ్బాలు తెచ్చి ఒక బస్తాలో పోస్తున్నారు. రోజూ ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి పక్కన పెట్టిన బియ్యం. ఒకామెను పేరడిగితే "గుళ్లోదా, బళ్లోదా?" అంది. నేను నవ్వలేదు, మా వైపూ ఉన్నదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవంలోకి వస్తే ఎస్సీ హోదా ఉండదు, మన రాష్ట్రంలో బీసీ-సీ అవుతారు. అందుకని బాప్తిస్మం రిజిస్టర్లో ఒక పేరు, సర్టిఫికెట్లో ఇంకో పేరు. సంఘ సభ్యత్వం గురించి ఎంత గొప్పగా రాసినా ఈ ముక్క వదిలేస్తే అది అబద్ధమే అవుతుంది.

ప్రేమవిందుకి ముందు వేలం పాట. పీఠం ముందు పోగుపడ్డవన్నీ బయటికి తెచ్చారు. కంది బస్తాలు, ఎండుమిర్చి, సొరకాయలు, కాళ్లు కట్టిన నాటుకోళ్లు, ఒక మేకపిల్ల. ఒక పాప తెచ్చిన ఒక్క గుడ్డు. ఆ గుడ్డు మూడుసార్లు అమ్ముడైంది! కొన్నవాడు డబ్బిచ్చి గుడ్డు మళ్లీ గుడికే ఇచ్చేస్తాడు, మళ్లీ పాట. నాలుగోసారి ఎవరి చేతిలోనో పగిలిపోయింది. "ఇక సాల్లే, అయ్యగారికి అట్టు పొయ్యొచ్చు" అని ఎవరో అరిచారు. ఈ డబ్బులోంచే బిషప్ గారి డయోసిస్‌కి వాటా, గుడి సున్నం, కరెంటు బిల్లు.

నేను గుమ్మడికాయ పాడాను. మా తోడికోడలు పక్కనుంచి పొడుస్తూ పాట పెంచించింది, బజారు ధరకి నాలుగింతలు పడింది. బాబాయ్ రసీదు పుస్తకం తీసి, కళ్లజోడు సవరించుకుని అడిగారు.

"పేరు సరే. ఏ సంఘం అని రాయమంటావమ్మా?"

ఒంగోలు అనబోయి ఆగాను. పెళ్లయ్యాక మా అత్తగారి గుడికే వెళ్తున్నాను, పద్నాలుగేళ్లుగా. కందుకూరులో మా పుట్టింటి సంఘం నుంచి బదిలీ ఉత్తరం తెచ్చుకున్నానా? లేదు. ఇక్కడ ఎవరూ అడగలేదు. అక్కడ నా పేరు ఉంచారో కొట్టేశారో తెలియదు. కరోనా తర్వాత సగం ఆదివారాలు యూట్యూబ్‌లోనే. బాబాయ్ కాసేపు చూసి, ఏదో రాసి చించి ఇచ్చారు. సంఘం అన్నచోట "పెద్దమ్మాయి అక్క" అని ఉంది.

తిరుగు బస్సులో గుమ్మడికాయ ఒళ్లో పెట్టుకుని కందుకూరులో మా అన్నయ్యకి ఫోన్ చేశాను.

"మన గుడి పుస్తకంలో నా పేరు ఇంకా ఉందా?"

"ఇప్పుడెందుకే? ఏదన్నా సర్టిఫికెట్ కావాలా?"

"ఊరికే."

"పెద్దల్ని అడుగుతాలే. పద్నాలుగేళ్ల బకాయి కట్టమంటే మాత్రం నన్ననకు."

మా తోడికోడలు కిటికీ వైపు తిరిగి నవ్వుతోంది. అన్నయ్య ఇంకా కనుక్కోలేదు.