హమాలీ ఛాంపియన్ ఊళ్ళో

న్యూజెర్సీ వెళ్ళిన మనవాళ్ళు లిబర్టీ విగ్రహం చూసి, ఎడిసన్‌లో బిర్యానీ తిని వచ్చేస్తారు. నేను నార్త్ బెర్గెన్‌లోని బ్రాడాక్ పార్కుకి వెళ్తానంటే, జెర్సీ సిటీలో ఏళ్ళ తరబడి ఉంటున్న మా తమ్ముడు "ఎవరన్నయ్యా ఆయన?" అన్నాడు. "రేవులో హమాలీగా పనిచేసి ప్రపంచ బాక్సింగ్ ఛాంపియన్ అయినవాడు, మిగతాది చెప్తూ వెళ్దాం పద" అన్నాను.

న్యూపోర్ట్‌లో లైట్ రైల్ ఎక్కాం. లింకన్ హార్బర్, పోర్ట్ ఇంపీరియల్ స్టేషన్ల దగ్గర కుడిపక్కన హడ్సన్ నది, అవతల మాన్‌హటన్. ఒడ్డంతా ఇప్పుడు ఖరీదైన అపార్ట్‌మెంట్లే. 1930లలో ఈ ఒడ్డున ఓడలు ఆగేవి. సరుకు దించే పని కోసం కూలీలు పొద్దున్నే వచ్చి నిలబడేవారు. మేస్త్రీ వేలు చూపించినవాడికే ఆ పూట పని. వాళ్ళలో జేమ్స్ బ్రాడాక్ ఒకడు.

బెర్గెన్‌లైన్ స్టేషన్ కొండ అడుగున సొరంగంలో ఉంది. లిఫ్టులో పైకొస్తే వీధంతా స్పానిష్ బోర్డులు. చెయ్యెత్తితే ఎక్కడైనా ఆగే చిన్న బస్సులు తిరుగుతుంటాయి, అచ్చం మన షేర్ ఆటోల్లా. అలాంటిదొకటి ఎక్కి పార్కు దగ్గర దిగాం. చెరువు, పెద్ద పెద్ద చెట్లు, ఫుట్‌బాల్ ఆడుతున్న పిల్లలు. 2018లో పెట్టిన బ్రాడాక్ కంచు విగ్రహం అక్కడే ఉంది. పక్కనున్న బెంచీ మీద కూర్చుని మిగతా కథ చెప్పాను.

బ్రాడాక్ 1905లో న్యూయార్క్‌లో ఐరిష్ కుటుంబంలో పుట్టాడు. చిన్నతనంలోనే వాళ్ళు నది దాటి ఇటు వచ్చేశారు. 1929లో లైట్ హెవీవెయిట్ (హెవీవెయిట్ కంటే ఒక మెట్టు తక్కువ బరువు విభాగం) టైటిల్ కోసం అప్పటి ఛాంపియన్ టామీ లాఫ్రన్‌తో 15 రౌండ్లు ఆడి ఓడిపోయాడు. అదే ఏడాది షేర్ మార్కెట్ కూలింది, దాచుకున్నదీ పోయింది. కుడిచెయ్యి పదేపదే విరిగింది. 1933లో మళ్ళీ విరిగేసరికి బాక్సింగ్ మానేసి రేవులో హమాలీ పనికి దిగాడు. ముగ్గురు పిల్లలు. చివరికి ప్రభుత్వం పేదలకిచ్చే సాయానికి చెయ్యిచాచాడు. కానీ కుడిచెయ్యి పనికిరాక బరువులన్నీ ఎడమచేత్తో లాగడంతో, అప్పటిదాకా అంతంతమాత్రంగా ఉన్న ఆ చెయ్యి గట్టిపడింది. 1934 జూన్‌లో సరైన తయారీ కూడా లేకుండా కార్న్ గ్రిఫిన్ అనే బాక్సర్ మీదికి దిగి, మూడో రౌండ్లో పడగొట్టాడు. తర్వాత జాన్ హెన్రీ లూయిస్‌నీ, ఆర్ట్ లాస్కీనీ ఓడించాడు. 1935 జూన్ 13న, పందాల్లో పదికి ఒకటిగా తీసిపారేసిన మనిషి, అప్పటి ఛాంపియన్ మాక్స్ బేర్ మీద 15 రౌండ్ల తర్వాత పాయింట్లతో గెలిచి ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యాడు.

"బేర్ జోకులేస్తూ ఆడాడు కాబట్టి గెలిచాడేమో" అన్నాడు తమ్ముడు, ఫోన్లో పాత వీడియో చూస్తూ. నిజమే, బేర్ ఆ పోటీని సీరియస్‌గా తీసుకోలేదు. అయితే బేర్ కుడిచేతి దెబ్బలు తిని 15 రౌండ్లూ నిలబడటం లక్కుతో అయ్యే పనా?

ఆ పోటీ జరిగిన చోటుకీ తర్వాత వెళ్ళాను. న్యూయార్క్‌లోని లాంగ్ ఐలాండ్ సిటీలో నార్తర్న్ బౌలెవార్డ్ మీద 70 వేల మందికి పైగా పట్టే చెక్క స్టేడియం ఉండేది. అక్కడ టైటిల్ నిలబెట్టుకున్న ఛాంపియన్ ఒక్కడూ లేడు. రెండో ప్రపంచయుద్ధ కాలంలో దాన్ని పీకేశారు. ఇప్పుడు ఆ రోడ్డు మీద కార్ల షోరూములు చూడ్డమే.

బ్రాడాక్‌ని అందరూ పేదల దేవుడిగా చెప్తారు. నాకు మాత్రం ఆయన డబ్బు లెక్క నచ్చింది. చేతిలో సొమ్ము పడగానే ప్రభుత్వం ఇచ్చిన సాయం తిరిగి కట్టేశాడు. 1937లో జర్మన్ బాక్సర్ ష్మెలింగ్‌తో ఒప్పుకున్న పోటీని పక్కనపెట్టి జో లూయిస్ అనే మరో బాక్సర్‌తో ఆడాడు. అందుకు జో లూయిస్ పోటీలు ఏర్పాటు చేసే ప్రమోటర్ లాభాల్లో పదేళ్ళపాటు పది శాతం వాటా మాట్లాడుకున్నాడు. ష్మెలింగ్‌కి అన్యాయమే జరిగింది. కానీ ఆకలి తెలిసిన ఇంటిపెద్ద మరోలా చేస్తాడనుకోను. షికాగోలో మొదటి రౌండ్లోనే లూయిస్‌ని కింద పడేసి, ఎనిమిదో రౌండ్లో తనే నాకౌట్ అయ్యాడు. నార్త్ బెర్గెన్‌లో కొనుక్కున్న ఇంట్లోనే 1974లో పోయేదాకా ఉన్నాడు. మధ్యలో న్యూయార్క్‌లో బ్రూక్లిన్‌నీ స్టాటెన్ ఐలాండ్‌నీ కలుపుతూ 1964లో తెరిచిన వెరజానో వంతెన కట్టే పనికీ వెళ్ళాడు. "రోజూ ఆ వంతెన మీంచే కదా ఆఫీసుకెళ్ళేది!" అన్నాడు తమ్ముడు.

బ్రాడాక్ సమాధి టెనాఫ్లైలో ఉంది. పొద్దుపోయిందని అక్కడికి వెళ్ళకుండా, దారిలో క్యూబా హోటల్ కనిపిస్తే భోజనానికి దూరాం.