మా ఊరి బోర్ల లెక్క: నా ప్రాజెక్టు అనుభవం

మనిషి వల్ల పర్యావరణంలో వచ్చే మార్పును గణిత ప్రమేయాలతో చూపాలి. డిగ్రీ చివరి ఏడాదిలో మా ప్రాజెక్టు అంశం ఇది. చాలామంది కార్బన్ డయాక్సైడ్ తీసుకున్నారు. హవాయిలోని మౌనా లోవాలో 1958 నుంచి కొలుస్తున్నారు. అప్పట్లో సుమారు 315 పీపీఎం (గాలిలో పది లక్షల పాళ్లకు అన్ని పాళ్లు) ఉండేది, ఇప్పుడు 420 దాటింది. నేను మాత్రం నల్లగొండ జిల్లాలో, చండూరు దగ్గరి మా ఊరి భూగర్భ జలాలనే ఎంచుకున్నాను. యాసంగిలో మా బోరు ఆగి ఆగి పోయడం చూస్తూ పెరిగినవాణ్ని మరి.

భూగర్భ జల శాఖ పరిశీలన బావి లెక్కలను ఎక్సెల్‌లో గ్రాఫ్ వేశాను. నీటి మట్టం వేసవిలో దిగుతుంది, వానలు పడ్డాక లేస్తుంది. ఈ ఊపుకు 12 నెలలకోసారి తిరిగొచ్చే అలలాంటి సైన్ ప్రమేయం, దాని కింద మెల్లగా జరిగే మార్పుకు సరళరేఖ పెట్టాను. ఆ రేఖ వాలే మన తోడుడు అనుకున్నాను. "వరుసగా కరువొచ్చినా వాలు మారుతుంది కదా?" అన్నారు సార్. నిజమే. వర్షపాతాన్ని ఇంకో చలరాశిగా కలిపాను. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది కాబట్టి అక్కడ రేఖను రెండు ముక్కలు చేసి చూశాను. కానీ ఆ కాలంలోనే మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక కూడా తీశారు. దేని ప్రభావం ఎంతో విడదీయడం కుదరలేదు. నివేదికలో ఆ మాటే రాశాను.

నన్ను అన్నిటికన్నా కదిలించింది చిన్న భాగాహారం. మా గ్రానైట్ నేలలో, మెత్తబడిన పై పొరలో కూడా తోడుకోగలిగే నీళ్లు దాని ఘనపరిమాణంలో 2 శాతం దాకానే అనుకుందాం. అప్పుడు పొలమంతా పరిస్తే 20 మిల్లీమీటర్ల ఎత్తు వచ్చేన్ని నీళ్లు తోడితే మట్టం 1 మీటరు దిగుతుంది. యాసంగి వరికి సుమారు 1,200 మిల్లీమీటర్లు కావాలి. సగం తిరిగి ఇంకినా 600 పోయినట్టే. ఎకరం వరి భారాన్ని పది ఎకరాల మీద పంచినా 3 మీటర్లు!

ఇది చెబితే బాపు కాసేపు ఆలోచించి, "అంటే పక్కోళ్ల చెల్కల కింది నీళ్లు గూడ మన మడే తాగుతుందన్నట్టు" అన్నాడు. నా గ్రాఫుల కన్నా ఆ మాటే సూటిగా ఉంది.

ఇంకా కిందికి పోతే గట్టి రాయి, అందులో పగుళ్లు మాత్రమే. అక్కడ నిల్వ ఇంకా తక్కువ కాబట్టి అంతే తోడినా మట్టం మరింత వేగంగా పడుతుంది, పై పొరలో వచ్చిన వాలు పనికిరాదు. అందుకే రాబోయే పదేళ్లకు గీతను పొడిగించమని స్నేహితులు చెప్పినా నేను పొడిగించలేదు.