హోమ్‌స్టే రిజిస్ట్రేషన్, నా అనుభవం: కాగితాలన్నీ ఒక ఎత్తు, పోలీసు వెరిఫికేషన్ ఒక్కటీ ఒక ఎత్తు

మొన్ననే సర్టిఫికెట్ చేతికి వచ్చింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను. కొన్నాళ్ళు పోతే "ఆ, ఏదో అయిపోయిందిలే" అనిపిస్తుంది, అప్పుడు రాసినా ఎవరికీ పనికిరాదు.

పిల్లలిద్దరూ విదేశాల్లో స్థిరపడ్డారు, మేడ మీద గదులు ఖాళీగా ఉంటున్నాయి. నెల అద్దెకి ఇస్తే పిల్లలు వచ్చినప్పుడు దిగడానికి చోటుండదు. అందుకని రెండు మూడు రోజులుండి వెళ్ళిపోయే టూరిస్టులకి ఇద్దామనుకున్నాం. మా వీధిలోనే ఒకాయన ఏ కాగితమూ లేకుండా ఆన్‌లైన్‌లో గదులు పెట్టేసి హాయిగా నడుపుకుంటున్నాడు. "మీరూ అలాగే పెట్టేయండి, ఎవరడుగుతారు" అని చెప్పనివాళ్ళు లేరు. నేను ఒప్పుకోలేదు. నేను గవర్నమెంటు స్కూల్లో హెడ్మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను, నా రికార్డుల మీద ఏ ఆడిట్‌లోనూ ఒక్క అభ్యంతరం రాలేదు. ఈ వయసులో దొంగచాటు వ్యాపారం చేయాల్సిన ఖర్మ నాకేంటి?

కేంద్ర పర్యాటక శాఖ వాళ్ళ ఇన్‌క్రెడిబుల్ ఇండియా బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకం ఉంది కదా, దాని కింద అప్లై చేశాను. నిధి అనే పోర్టల్‌లో దరఖాస్తు. ముఖ్యమైన షరతు ఏమిటంటే ఇంటి యజమాని కుటుంబంతో సహా అదే ఇంట్లో కాపురం ఉండాలి. ఒకటి నుంచి ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు, మొత్తం 12 మంచాలు మించకూడదు. సిల్వర్, గోల్డ్ అని రెండు తరగతులు. ఎక్కడో ఫ్లాట్ కొని, తాళం వాచ్‌మన్ చేతికిచ్చి మొత్తం ఫ్లాటు అద్దెకిచ్చేవాళ్ళకి ఈ పథకం వర్తించదు, వాళ్ళు తమ రాష్ట్రం నిబంధనలు చూసుకోవాలి. గోవాలో అయితే 1982 నాటి చట్టం ఒకటి ఉంది, దాని కింద పర్యాటక శాఖ దగ్గర రిజిస్టర్ చేయించుకోవాల్సిందే. అపార్ట్‌మెంట్లో ఉండేవాళ్ళు ముందు అసోసియేషన్‌తో మాట్లాడుకోండి. మాది సొంత ఇల్లు కాబట్టి ఆ గొడవ మాకు లేదు.

ఆన్‌లైన్ దరఖాస్తు కష్టం కాదు. ఇంటి పత్రాలు, పన్ను రసీదులు, ఫోటోలు, ప్లాను అన్నీ స్కాన్ చేసి పెట్టాను. మధ్యలో ఒక ఏజెంటు తగిలాడు, ₹15,000 ఇస్తే అన్నీ తనే చూసుకుంటానన్నాడు. ఏం చూసుకుంటావయ్యా అంటే "పైవాళ్ళని" అన్నాడు. వాకిట్లోంచే పంపేశాను. ఏజెంట్లకి డబ్బులిచ్చేవాళ్ళందరికీ ఒకటే చెబుతున్నా, మీరు ఇవ్వబట్టే మాలాంటివాళ్ళ ఫైళ్ళు కదలకుండా పడి ఉంటున్నాయి.

టిఫిన్ పెడతాం కాబట్టి ఫుడ్ సేఫ్టీ రిజిస్ట్రేషన్ కావాలన్నారు. మాలాంటి చిన్నవాళ్ళకి బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు, ఏడాదికి ₹100, ఇంట్లో కూర్చునే అయిపోయింది. జీఎస్టీ గురించి మా వారు చాలా టెన్షన్ పడ్డారు కానీ అక్కడ భయపడాల్సిందేమీ లేదు. ఏడాదికి 20 లక్షలు దాటితే కదా రిజిస్ట్రేషన్, మాకంత ఎక్కడిది. మనకి జీఎస్టీ నంబరు లేకపోతే, యాప్‌లో బుక్కయిన గదుల మీద పన్ను యాప్ వాళ్ళే కట్టాలి. రోజుకి ₹7,500 లోపు గదులకి ఆ పన్ను 2025 సెప్టెంబర్ 22 నుంచి 12 శాతం బదులు 5 శాతం అయింది. మునిసిపాలిటీ, కరెంటాఫీసుల్లో మాత్రం రేటు గురించి నోటిమాట నమ్మకండి. ఇంటి రేటా, కమర్షియల్ రేటా అన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది, కాగితం మీద రాయించి సంతకం తీసుకోండి. నేను తీసుకున్నాను.

ఇక పోలీసు వెరిఫికేషన్. ఇది రాయడానికే కూర్చున్నాను.

స్టేషన్‌కి మా వారు, నేను కలిసి వెళ్ళాం. ఫైలు చేతిలో ఉంది, ఒక్కో కాగితానికీ ట్యాగు వేసి, పైన ఇండెక్సు పెట్టి మరీ తీసుకెళ్ళాను. చాలాసేపు బెంచీ మీద కూర్చోబెట్టారు. తర్వాత టేబుల్ దగ్గరున్నాయన కూర్చున్న చోటినుంచే గట్టిగా అడిగాడు, "ఏంటమ్మా పని?"

"హోమ్‌స్టేకి వెరిఫికేషన్ అండీ."

"అంటే లాడ్జీయా?"

"లాడ్జీ కాదండీ, మేం ఉండే ఇంట్లోనే పై గదులు టూరిస్టులకి..."

"అదేలే. గంటల లెక్కన ఇస్తారా, రోజు లెక్కనా?"

హాలంతా వినపడింది. బెంచీ మీద ఉన్నవాళ్ళలో ఇద్దరు నవ్వారు. మూడో ఆయన నవ్వలేదు, తల దించుకున్నాడు. ఆయన కూతురికి నేనే చదువు చెప్పాను, టెన్త్ దాకా మా స్కూల్లోనే చదివింది. నన్ను గుర్తుపట్టినట్టు కనిపించకూడదని ఆయన తల దించుకున్నాడని నాకు అర్థమైంది, అదే నాకు ఎక్కువ బాధ కలిగించింది. మా వారు లేవబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

"రోజు లెక్కన. వచ్చిన ప్రతి ఒక్కరి గుర్తింపు కార్డు చూసి రిజిస్టర్‌లో రాస్తాను. మీరు ఎప్పుడొచ్చినా ఆ రిజిస్టర్ చూడొచ్చు. కావాలంటే రాసిస్తాను" అన్నాను. గొంతు వణకలేదు. ముప్పై ఏళ్ళు క్లాసులో నిలబడినదాన్ని, ఆ మాత్రం మాట్లాడగలను.

"అది సరేనమ్మా, పెళ్ళికాని జంటలు వస్తే ఏం చేస్తారు?"

దీనికి నాకప్పుడు వెంటనే జవాబు దొరకలేదు. ఇంటికొచ్చాక వెతికితే తెలిసింది. కోయంబత్తూరులో ఇలాగే రోజుల లెక్కన గదులిచ్చే ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌ని అధికారులు సీల్ చేస్తే, 2019 డిసెంబర్‌లో మద్రాసు హైకోర్టు ఆ సీలు తీసేయమంది. పెళ్ళికాని ఆడా మగా హోటల్ గదిలో అతిథులుగా ఉండకూడదనే చట్టమేదీ లేదని స్పష్టంగా చెప్పింది. ఇల్లు మనది, ఎవరికివ్వాలో ఇవ్వకూడదో మన ఇష్టం, అది వేరే సంగతి. కానీ నేను చూసేది వయసు, గుర్తింపు కార్డు. మెడలో తాళి ఉందా అని వచ్చినవాళ్ళని నేను అడగను. ఇది చదివేవాళ్ళలో కొందరికి నచ్చదని తెలుసు, నా ఇల్లు, నా రిజిస్టరు, నా మాట ఇంతే.

అక్కడితో అయిపోయిందా? లేదు. రెండు రోజుల తర్వాత ఎంక్వైరీ అని ఒకతను మా వీధికి వచ్చాడు. ఎంక్వైరీ అంటే మా ఇంటికొచ్చి మమ్మల్ని అడగాలి కదా! మూల మీద కిరాణా కొట్టు దగ్గర ఆగి, "ఆ మేడింట్లోకి ఎలాంటివాళ్ళు వస్తుంటారు, రాత్రిళ్ళు కార్లు ఆగుతుంటాయా" అని అడిగి వెళ్ళాడట. సాయంత్రం అయ్యేసరికి ఎదురింటావిడ గేటు దగ్గరికొచ్చి, "ఏమైంది అక్కా, పోలీసులొచ్చారంట, ఏదైనా కేసా?" అంది. పాపం ఆవిడ మంచిగానే అడిగింది. నేను ఆ రోజు ఇంటింటికీ వెళ్ళి, ఫైలు చూపించి, ఇదీ సంగతి అని చెప్పుకోవాల్సి వచ్చింది. ఒక ఇంట్లో కాఫీ ఇచ్చారు, ఒక ఇంట్లో గుమ్మం బయటే నిలబెట్టి విన్నారు. ఇన్నేళ్ళు ఆ వీధిలో ఉండి నేను మర్యాదస్తురాలినని నిరూపించుకోవడానికి ఫైలు పట్టుకుని తిరిగాను. ఏ కాగితమూ లేకుండా నడుపుతున్న ఆ ఇంకొకాయన గురించి మాత్రం ఎవరూ ఏ కొట్టు దగ్గరా అడగలేదు. చట్టప్రకారం వెళ్ళినవాడి గుమ్మంలోకే చట్టం వస్తోంది, ఇది ఏం పద్ధతో ఆ కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఆలోచించాలి.

తర్వాత ఫైలు కదల్లేదు. వెళ్ళినప్పుడల్లా "సారు బందోబస్తుకి వెళ్ళారు", "సారు కోర్టుకి వెళ్ళారు", "రైటర్ సెలవు". ఒకసారైతే ఫైలే కనబడలేదన్నారు. నా దగ్గర రెండో సెట్టు ఉంది కాబట్టి అక్కడే ఇచ్చేశాను. ఎప్పుడూ రెండు సెట్లు పెట్టుకోండి, ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకండి.

చివరికి పని జరిగింది ఎలాగంటే, సోమవారం గ్రీవెన్స్‌కి జిల్లా పోలీసు ఆఫీసుకి వెళ్ళాను. నోటితో చెప్పుకోలేదు, ఒక పేజీ అర్జీ రాసుకెళ్ళాను. మొదటి పేరాలో దరఖాస్తు నంబరు, తేదీ. రెండో పేరాలో ఏ రోజు స్టేషన్‌కి వెళ్తే ఏం చెప్పారో వరసగా. మూడో పేరాలో ఒకటే అభ్యర్థన, "వెరిఫికేషన్ రిపోర్టు పంపండి, లేదా పంపకపోవడానికి కారణం రాతపూర్వకంగా ఇవ్వండి" అని. ఆ గంటల లెక్క మాట కూడా రాశాను, ఆ మాట ఎవరన్నారో, ఎంతమంది ముందు అన్నారో రాశాను. అది తీసేయమని మా వారు ఎంత చెప్పినా వినలేదు. అర్జీ తీసుకున్నామని స్టాంపు వేయించుకున్నాను, ఆ స్టాంపు లేకపోతే అర్జీ ఇచ్చినట్టే కాదు.

అక్కడ కూర్చున్న అధికారి ఒకావిడ. అర్జీ మొత్తం చదివింది, మధ్యలో ఒకచోట ఆగి మళ్ళీ చదివింది. "మేడమ్, కూర్చోండి" అని ఫోన్ తీసి మాట్లాడింది. ఏం మాట్లాడిందో నాకు వినపడలేదు. ఆ వారంలోనే రిపోర్టు వెళ్ళిపోయింది. స్టేషన్ నుంచి వచ్చినతను ఈసారి కిరాణా కొట్టు దగ్గర ఆగలేదు, నేరుగా మా ఇంటికే వచ్చి "అమ్మా, ఇక్కడ సంతకం పెట్టండి" అన్నాడు. పెట్టాను. క్షమాపణ ఎవరూ చెప్పలేదు, నేను ఇంకా ఎదురుచూస్తూనే ఉన్నాను.

పర్యాటక శాఖ వాళ్ళ ఇన్‌స్పెక్షన్ దాని ముందు చాలా తేలిక. వచ్చినవాళ్ళు మర్యాదగా చెప్పులు విప్పి లోపలికొచ్చారు. టేపు పెట్టి గదులు కొలిచారు. సిల్వర్‌కి గది కనీసం 120 చదరపు అడుగులు, గోల్డ్‌కి 200 ఉండాలి. మావి రెండు గదులు పన్నెండు బై పదకొండు, సరిపోయాయి. మూడోది పది బై పది, అందుకే దాన్ని నేను ముందే దరఖాస్తులో పెట్టలేదు. బాత్రూములు, నీళ్ళు, మంటలార్పే సిలిండరు, ఫస్ట్ ఎయిడ్ పెట్టె చూశారు. డాక్టర్ల పేర్లు, ఫోన్ నంబర్లు గదిలో కనబడేలా పెట్టాలని ఉంటుంది, చాలామంది అది మర్చిపోతారట. నేను రెండు గదుల్లోనూ తెలుగులో, ఇంగ్లీషులో, హిందీలో రాసి తలుపు వెనక అంటించాను. చెత్త ఎక్కడ వేస్తారని అడిగితే తడి, పొడి డబ్బాలు చూపించాను. అతిథుల రిజిస్టరుకి గళ్ళు గీసి, పాస్‌పోర్టు వివరాలకి వేరే గడి కూడా పెట్టడం చూసి వాళ్ళలో ఒక పెద్దాయన, "ఇంత పద్ధతిగా తయారై ఉన్నవాళ్ళని నేను ఎక్కువమందిని చూళ్ళేదమ్మా" అన్నారు. ఈ మాట ఇక్కడ రాయకుండా ఉండలేను.

ఒక్క విషయం మాత్రం జాగ్రత్త. విదేశీయులెవరైనా దిగితే, దిగిన 24 గంటల్లోపు వాళ్ళ వివరాలు ఇమిగ్రేషన్ వాళ్ళకి ఆన్‌లైన్‌లో పంపాలి. ఇన్నాళ్ళూ అందరూ ఫారం సి అని పిలిచేది అదే. విదేశీయులంటే తెల్లవాళ్ళే అనుకోకండి. మన తెలుగు పిల్లలే, అమెరికా పాస్‌పోర్టు తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇచ్చే కార్డు) మీద వచ్చేవాళ్ళు కూడా లెక్కలోకి వస్తారు. ఇండియన్ పాస్‌పోర్టు మీద ఉన్న ఎన్నారైలకి అక్కర్లేదు. పెళ్ళిళ్ళ సీజన్‌లో మనకొచ్చేది ఎక్కువగా వీళ్ళే, ఇంట్లో మనుషుల్లా తెలుగులో మాట్లాడతారు, పాస్‌పోర్టు అడగడానికి మొహమాటంగా ఉంటుంది. అడగండి. పంపకపోతే రేపు స్టేషన్‌కి మళ్ళీ వెళ్ళాల్సింది మనమే. ఆ వివరాలు పంపడానికి కావాల్సిన లాగిన్‌కి, సర్టిఫికెట్ వచ్చిన రోజునే అప్లై చేసుకోండి. అది ఆమోదం పొందడానికి టైం పడుతుంది, అతిథి సూట్‌కేసుతో గుమ్మంలో నిలబడ్డాక మొదలుపెడితే 24 గంటలు చాలవు.